అవ్వ తిప్పిన వంతెన

మా తమ్ముడు మల్లేశం ఎప్పుడొచ్చినా ఒట్టి చేతులతో రాడు. కందికాయలో, సీతాఫలాలో, ఏ కాలమూ కాకపోతే ఇంత చింతచిగురో మూటగట్టుకొని వస్తాడు. మొన్న వచ్చినప్పుడు మాత్రం యూరియా సంచిలోంచి ఒక చిన్న మట్టికుండ తీసి, కాళ్లయినా కడుక్కోకుండా నా వంటింటి గట్టు మీద పెట్టాడు. మా ఊరి కాల్వ మీద కొత్తగా కల్వర్టు కడుతున్నారట. జేసీబీ వచ్చి పాత వంతెన కీలురాయిని పెకిలిస్తే దాని పక్కన రెండు జానల లోతున ఈ కుండ బయటపడిందట. "లంకెబిందె అనుకోని ఊరు ఊరంత ఉరికొచ్చిండ్రక్కా. సర్పంచు సుత ఒచ్చిండు. మూత తీసి చూస్తె గిదున్నది," అని నవ్వుతూ కుండను వంచాడు. అరచేతిలో ఇమిడేంత కంచు గంట ఒకటి నా గట్టు మీదికి దొర్లింది. మోగలేదు. "గంటల ఉన్ని కుక్కి ఉన్నది సూడు. ఎవలు కుక్కిండ్రో, ఎందుకు కుక్కిండ్రో. మన తాత మందలదే అంటున్నరు ముసలోళ్లు. నీకేమన్న తెలుసా?" అని అడిగాడు. నాకు చాయ పెట్టే నెపం దొరికింది. స్టవ్వు వైపు తిరిగి చాలాసేపు నీళ్లు మరగబెట్టాను.

తెలుసు. నాకు తప్ప ఇంకెవరికీ తెలియదని కూడా యాభై ఏళ్లుగా అనుకుంటూ ఉన్నాను. ఉన్ని చిలుము పట్టి పచ్చగా మారింది గానీ దాని చుట్టూ బిగించిన నైలాన్ రిబ్బను ఎరుపు ఇంకా పూర్తిగా పోలేదు. ఆ రిబ్బను నాది. ఆ ఉన్ని కుక్కింది నేను. మా తాత గొర్రెల మంద కాల్వ పాలైన సాయంత్రానికి కారణం మా అవ్వేనని మా ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు. మా బంధువుల్లో పెళ్లి మాటల మధ్య కూడా ఆ ముచ్చట వచ్చేది. అవ్వ చనిపోయి, తెలంగాణ రాష్ట్రం వచ్చినంత కాలం కావస్తోంది. ఆ మాట మాత్రం చావలేదు. అది అవ్వ తప్పు కాదని చెప్పగలిగిన మనిషిని నేనొక్కదాన్నే. ఎన్నడూ చెప్పలేదు.

మా ఊరు రామన్నపేటకూ మోత్కూరుకూ నడుమ ఉంటుంది. మూసీకి అడ్డంగా కట్టిన కత్వ నుంచి ఒక కాల్వ వచ్చి, మా ఊరి పడమటి అంచును రాసుకుంటూ కింది ఊళ్ల పొలాలకు పోతుంది. ఇళ్లు కాల్వకు ఇవతల, గొర్రెలు మేసే గుట్టలు, బీళ్లు అవతల. దాటడానికి ఉన్నది ఒకే వంతెన. రెండు తాటిమొద్దులు, వాటి మీద అడ్డంగా కొట్టిన తుమ్మచెక్కలు, గొర్రె పక్కకు జారకుండా మోకాలెత్తు కర్ర దడి, అంతే. అయితే అది ఒకచోట నిలిచి ఉండే వంతెన కాదు. ఇవతలి గట్టున ఒక పెద్ద రాతిలో గుంట తొలిచి, పాత బండి ఇరుసు ముక్కను అందులో నిలబెట్టి, దాని మీద మొద్దులను కూర్చోబెట్టారు. అదే కీలురాయి. మొద్దుల మొదళ్లు గట్టు మీదికి ఇంకొన్ని అడుగులు పొడుచుకొని ఉండేవి. ఆ తోక మీద బండలు కట్టి బరువు పెట్టారు. తోకకు నడుము ఆనించి నెడుతూ నాలుగడుగులు వేస్తే వంతెన మొత్తం కిర్రుమంటూ తిరిగి, గట్టు పొడుగునా పడుకునేది. కాల్వ ఖాళీ అయ్యేది. మళ్లీ నెడితే అవతలి గట్టు మీది బండకు వచ్చి ఆనేది. తిప్పుడు వంతెన అనేవాళ్లం.

ఎందుకు తిప్పాలి అంటే, జమ్ముగడ్డి వల్ల. సాయంత్రం కత్వ దగ్గర నీళ్లు వదిలేవారు. ఆ నీళ్లతో పాటు జమ్ము దుబ్బలు, తుమ్మకంపలు, ఒక్కోసారి చచ్చిన పశువులు కూడా కొట్టుకొచ్చేవి. వంతెన నీటికి మరీ దగ్గరగా ఉండేది కాబట్టి అవన్నీ దాని మొద్దులకు తట్టుకొని అడ్డం పడేవి, నీళ్లు ఎగదన్ని గట్టు తెగేది. నేను పుట్టకముందు ఒకసారి అట్లా తెగి కింది ఊరి నాట్లన్నీ కొట్టుకుపోయాయట. అప్పటి నుంచి పొద్దుగూకేసరికి వంతెన గట్టున ఉండాలి, తెల్లారాక మళ్లీ దారికి రావాలి. కాల్వ తవ్వించిన ఓవర్సియరు ఎవరో ఇంగ్లండు బొమ్మ ఒకటి చూసి, కట్టెపుల్లతో నేల మీద గీసి చూపించి దీన్ని చేయించాడని మా తాత చెప్పేవాడు. తాత చెప్పే వాటిలో సగం కోతలే కాబట్టి నేను నమ్మలేదు. తరువాత గ్రంథాలయంలో ఉద్యోగానికి చేరాక, ఒక పాత బొమ్మల పుస్తకంలో నిజంగానే చూశాను. ఇంగ్లండులో ఒక కాల్వ, దాని మీద అచ్చం మా వంతెనే, పొడుగు పావడా కట్టుకున్న ఒక ఆడమనిషి తోకకు నడుము ఆనించి నెడుతూ ఉంది. అక్కడ దారి ఇచ్చేది పడవకు, మా దగ్గర చెత్తకు, అంతే తేడా. ఆ పుస్తకం చిరిగిపోయిన అట్టను కుట్టి, ఉద్యోగం చేసినన్నాళ్లూ నా బల్ల దగ్గరి బీరువాలోనే ఉంచుకున్నాను. ఆ బొమ్మలోని మనిషిని చూసినప్పుడల్లా పుస్తకం మూసేసేదాన్ని.

మా అవ్వ పేరు బుచ్చమ్మ. ఊరికి వంతెన బుచ్చవ్వ. చిన్నప్పుడు అమ్మవారు పోసి ఒక కన్ను పోయింది. రెండో కంటికి రేచీకటి. పొద్దు వాలితే చాలు, ఆమెకు లోకం మూసుకుపోయేది. అయినా వంతెన పని ఆమెదే. కళ్లంలో వడ్లు కొలిచేటప్పుడు ఊరు ఆమెకు ఒక గంప తీసిపెట్టేది, దానికంటే 'బుచ్చవ్వ తిప్పితేనే' అనే మాట ఆమెకు ఎక్కువ ఇష్టం. పొద్దున్నే జొన్న గట్క తాగి, కీలురాయి గుంటలో ఆముదమూ బొగ్గుపొడీ కలిపిన కందెన వేసేది. ఆ కందెన వాసన, ఆమె చుట్ట వాసన, వానకు తడిసిన గొంగడి వాసన, ఈ మూడూ కలిస్తే మా అవ్వ. తోక బండ మీద కూర్చొని కదురుతో ఉన్ని వడుకుతూ, దాటేవాళ్లను అడుగుల చప్పుడుతోనే గుర్తుపట్టి పలకరించేది. "ఏందిరా నర్సిగా, చెప్పులు కొత్తయా?" అనేది. వాడు నిజంగానే రామన్నపేట నుంచి కొత్త చెప్పులు కొనుక్కొని వస్తూ ఉండేవాడు. నాకు అదొక గొప్ప విద్యలా ఉండేది. నేను కూడా కళ్లు మూసుకొని ప్రయత్నించి, మా పంతులును పట్టుకొని బర్రె అనుకున్నాను.

వంతెన తిప్పే ముందు ఒక పద్ధతి ఉండేది. అవ్వ కాల్వ అంచున నిలబడి, చీర కొంగు నడుముకు దోపి, మూడుసార్లు కేకేసేది. "అవుతల ఎవలన్న ఉన్నరా? దాటేటోళ్లు దాటుండ్రి!" ఒక్కో కేకకూ మధ్య చెవి ఒగ్గి నిలబడేది. ఎవరైనా ఓయ్ అంటే వాళ్లొచ్చేదాకా ఆగేది, జమ్ము వస్తున్నా సరే. అవతల చిక్కుకుంటే కత్వ దాకా పోయి చుట్టూ తిరిగి రావాలి, అది రెండు కోసుల దూరం. తన కేక వినబడక అవతల చిక్కుకున్నవాళ్లు ఎవరూ లేరని అవ్వకు గర్వం. అయితే ఒకే ఒక్క మనిషికి ఆ కేక పనికిరాదు. ఆయన మా తాత. తాతకు చెవుడు. చెవి దగ్గర డప్పు కొట్టినా చిరునవ్వు నవ్వేవాడు. అందుకని ఆయన మందలో ముందు నడిచే పొట్టేలు మెడకు గంట ఉండేది. అవ్వ కేక వేసేది, పొట్టేలు జవాబు చెప్పేది. ఆ గంట వినబడితే వంతెన ఆగుతుంది, వినబడకపోతే తాత ఆ పూట మందను ఎవరి చేన్లోనో ఎరువు కోసం పెట్టి అక్కడే పడుకున్నట్టు లెక్క. చెవిటి మొగుడికీ చూపు లేని పెళ్లానికీ మధ్య సంసారం ఆ గంట మీద నడిచింది. ఊళ్లో వాళ్లు దాని మీద జోకులేసేవారు, అవ్వ కూడా వాళ్లతో కలిసి నవ్వేది.

ఆ పొట్టేలును మల్లన్నకు మొక్కి వదిలారు. అందుకని దాని గంటను తాత తప్ప ఎవరూ ముట్టకూడదు. ఒకసారి నేను ఆడుకోవడానికి దాన్ని విప్పబోతే, ఎన్నడూ చెయ్యెత్తని తాత నా వీపు మీద ఒక్కటి వేశాడు. "గది దేవుని నోరే! ముడితె నోరు వడిపోతది!" అని అరిచాడు. చెవుడు కాబట్టి తన గొంతు తనకు తెలియదు, ఊరంతా వినబడింది. నాకు దెబ్బ కంటే ఆ సిగ్గే ఎక్కువ గుర్తుండిపోయింది.

నాకు పదకొండేళ్లప్పుడు మల్లేశం పుట్టాడు. మా బాపు అప్పటికే మేళ్లచెరువు దిక్కు సున్నపురాయి గనుల్లో పనికి పోయి, పండుగలకు మాత్రమే వచ్చేవాడు. ఇంట్లో అమ్మ, అవ్వ, తాత, నేను. కొత్తగా ఆ పసిగుడ్డు. పుట్టిన నాటి నుంచీ వాడు పగలు కన్ను తెరవడు, రాత్రి కన్ను మూయడు. వాము పొగ, సాంబ్రాణి, ఆముదం, పాలకంపు నిండిన ఆ గదిలో అమ్మ గోడకు ఆనుకొని వాణ్ని ఒళ్లో ఊపుతూ తానే ఏడ్చేది. తెల్లవారుజామున ఎప్పుడో వాడికి కన్ను అంటుకునేది. సరిగ్గా అప్పుడే పక్క దొడ్లో పొట్టేలు లేచి తల విదిలించేది. గంట గణగణమనేది, వాడు కెవ్వుమనేవాడు. పది రోజులు చూశాను. పదకొండో రోజు, వాడు పడుకున్న ఆ కాస్త సమయంలో, అవ్వ వడికే బుట్టలోంచి గుప్పెడు ఉన్ని తీసుకొని దొడ్లోకి పోయాను. ఉన్నిని గంట నాలుక చుట్టూ కుక్కితే ఊడి కింద పడింది. జడకున్న రిబ్బను విప్పి, దాంతో ఉన్నిని గట్టిగా బిగించి మళ్లీ కుక్కాను. ఆ రిబ్బనును అవ్వ మోత్కూరు అంగడిలో నా కోసం కొని తెచ్చింది. పొట్టేలు తల విదిలించింది, చప్పుడు లేదు. ఇంట్లో తమ్ముడు పడుకున్నాడు, అమ్మ కూడా పడుకుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మంద వాకిలి దాటాక ఉన్ని తీసేద్దామనే అనుకున్నాను. దొంగతనంగా పొట్టేలు వెంట నడిచాను కూడా. కానీ తాత దాని మెడ మీద చెయ్యేసి నడుస్తున్నాడు. వంతెన దగ్గరైనా వదులుతాడేమో అనుకుంటే, మంద వంతెన మీదికి ఎక్కగానే పొట్టేలు ఒక్క పరుగున అవతలికి పోయింది. ఆ పొద్దు ఏ కారణానో అవ్వ గంట గురించి అడగలేదు. గొర్రెల అడుగుల చప్పుడే ఆమెకు సరిపోయి ఉంటుంది. సాయంత్రం తాత కంటే ముందు పోయి తీసేస్తానులే అనుకొని బడికి పోయాను. బడిలో ఆడుకున్నాను, పాఠాలు అప్పజెప్పాను. నిజం చెప్పాలంటే మరిచిపోయాను.

ఎగువన వానలు పడ్డాయేమో, ఆ సాయంత్రం నీళ్లు తొందరగా వదిలారు. నేను బడి నుంచి వచ్చి అవ్వ పక్కన తోక బండ మీద కూర్చున్నాను. ఇంకా పూర్తిగా చీకటి పడలేదు, అవ్వకు మాత్రం పడింది. ఎగువ నుంచి ఒకతను గట్టు మీద ఉరుకుతూ, "బుచ్చవ్వా తిప్పు, తిప్పు! జమ్ము బాగొస్తాంది, కాల్వ పట్టుడు లేదు!" అని అరిచాడు. అవ్వ లేచి కొంగు దోపింది. మూడుసార్లు కేకేసింది. మొదటి కేకకు జవాబు లేదు, రెండో కేకకు లేదు. మూడో కేక వేశాక నా వైపు తిరిగి, "గంట ఇనబడ్తాందానె బిడ్డా?" అని అడిగింది. అప్పుడు గుర్తుకొచ్చింది నాకు. 'ఆగు అవ్వా, గంటల ఉన్ని ఉన్నది.' అయిదే మాటలు. నోటి దాకా వచ్చాయి. గంటను ముట్టినందుకు తాత అరుపు, ఊరంతా వినబడిన ఆ అరుపు ముందు వచ్చి నిలబడింది. "లేదవ్వా," అన్నాను. అది అబద్ధం కాదు, నాకు వినబడలేదు. అంతకంటే పెద్ద అబద్ధం నా జీవితంలో మళ్లీ ఆడలేదు. "ఇయ్యాల మంద చేన్లనే పెట్టినట్టున్నడు మీ తాత," అంటూ అవ్వ తోకకు నడుము ఆనించి నెట్టింది. వంతెన కిర్రుమంటూ తిరిగి గట్టున పడుకుంది.

తాత అప్పుడే పుట్టిన ఒక గొర్రెపిల్లను భుజాన వేసుకొని వెనుక వస్తున్నాడు. మందకు దారి తెలుసు, పొట్టేలు వెంట అది ముందు వస్తోంది. అవతలి గట్టు జమ్ములోంచి పొట్టేలు బండ మీదికి రావడం నేను చూశాను. అది ఆగింది. ఆగిందని నేను ప్రమాణం చేసి చెప్పగలను. కానీ వెనుక ఉన్న గొర్రెలు ఆగలేదు, నెట్టాయి. అది పడింది. అది పడ్డ చోటికి ఇంకోటి, దాని వెనుక ఇంకోటి. అవ్వకు ఏమీ కనబడలేదు, నీళ్లలో బరువులు పడుతున్న చప్పుడు మాత్రం వినబడుతోంది. "ఏందే? ఏం వడ్తున్నయే? చెప్పవేందే!" అని నా భుజాలు పట్టి ఊపింది. నా నోరు పెగల్లేదు. తాత మాట నిజమై నా నోరు పడిపోయిందనుకున్నాను. అవ్వ తడుముకుంటూ పోయి తోకను వెనక్కి నెట్టింది, వంతెన నీళ్ల మీదికి సగం తిరిగేసరికి జమ్ము వచ్చి మొద్దులకు అడ్డం పడింది, ఇక కదల్లేదు. తాత వచ్చాడు. భుజం మీది పిల్లను కింద పెట్టి కాల్వలో దూకాడు. కింది పొలాల వాళ్లు తాళ్లు వేసి ఆయన్ని లాగారు. గొర్రెల్లో పదకొండు బతికాయి, భుజం మీద వచ్చిన ఆ పిల్లతో కలిపి.

మర్నాడు పొద్దున తూము దగ్గర తేలిన వాటిని గట్టుకు లాగారు. పొట్టేలు కూడా అక్కడే దొరికింది. "మల్లన్న పొట్టేలు, గంట నేను తీస్త, మీరు జరుగుండ్రి," అని అవ్వ అందరినీ పక్కకు పంపి, దాని మెడ దగ్గర చాలాసేపు కూర్చుంది. నేను దూరంగా నిలబడి, ఇప్పుడు బయటపడుతుంది, ఇప్పుడు పిలుస్తుంది అనుకుంటూ చూశాను. అవ్వ పిలవలేదు. లేచి వచ్చి, గంట నీళ్లలో పోయిందని చెప్పింది. నేను నమ్మాను. తాడు తెగి ఉంటుంది, ఉన్నితో సహా పోయి ఉంటుంది, నేను బతికిపోయాను అనుకున్నాను. ఆ మధ్యాహ్నం ఊరి పెద్దలు మా వాకిట్లో కూర్చొని అడిగినప్పుడు మాత్రం నాకు అర్థం కాని సంగతి ఒకటి జరిగింది. రాత్రంతా గంట వినబడలేదు, వినబడలేదు అని ఏడ్చిన అవ్వ, పెద్దల ముందు తల దించుకొని, "గంట మోగింది. నేనే పట్టించుకోలె. మరుపుల వడ్డ," అంది. నేను నోరు తెరుచుకొని చూశాను. ఇన్నేళ్లూ దానికి నేను చెప్పుకున్న సమాధానం ఏమిటంటే, చెవులు కూడా పోతున్నాయని ఒప్పుకోవడానికి అవ్వకు నామోషీ అయిందని. మనిషి తనను తాను కాపాడుకోవడానికి ఎంత దూరమైనా ఆలోచిస్తాడు.

వంతెన పని అవ్వ నుంచి తీసేశారు. తాత ఆమెను తిట్టలేదు, కొట్టలేదు. మాట్లాడడం మానేశాడు. ఎవరో సైగలు చేసి చెప్పారు ఆయనకు, గంట మోగినా నీ పెళ్లాం తిప్పేసిందని. ఆయన ఆమె వైపు చూసిన చూపు నేను చూశాను. అవ్వ పెట్టిన గట్క తాగేవాడు, ఆమె అల్లిన గొంగడి కప్పుకునేవాడు, ముఖం మాత్రం చూసేవాడు కాదు. మిగిలిన గొర్రెలను అమ్మేసి, బాపు వెంట గనుల దగ్గరికి కావలి పనికి పోయాడు. చెవిటివాడు కావలేం కాస్తాడని ఊళ్లో నవ్వుకున్నారు. నాలుగేళ్లకు అక్కడే పోయాడు. అవ్వ అక్కడికి చేరేసరికి మట్టి కూడా చేసేశారు. ఆ నాలుగేళ్లలో నేను ఒక్కసారి ఆ అయిదు మాటలు చెప్పి ఉంటే ఆ ఇద్దరూ మళ్లీ మాట్లాడుకునేవారు. పెద్దదాన్నయ్యాక చెబుదామనుకున్నాను. పెద్దయ్యే కొద్దీ ఇంకా కష్టమైంది. ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదనే ప్రశ్న ఒకటి వచ్చి దాని మీద కూర్చుంది.

అవ్వ మాత్రం పని పోయినా వంతెన దగ్గరికి పోవడం మానలేదు. కొత్తగా పెట్టిన మనిషి వంతెన తిప్పాక కూడా గట్టున నిలబడి మూడుసార్లు కేకేసేది. పిల్లలు అవతలి నుంచి గొర్రెల్లా అరిచి ఏడిపించేవారు. ఆ పిల్లల్లో నా స్నేహితులు ఉండేవారు. నేను ఆ దారిన పోవడం మానేసి పుస్తకాలలో దూరాను. అట్లా దూరే చదువబ్బింది, రామన్నపేట హైస్కూలు, తరువాత గ్రంథాలయంలో ఉద్యోగం వచ్చింది. మందను ముంచిన పిల్ల అని తెలిసి ఉంటే తాత నన్ను బడికి పంపేవాడా? పంపేవాడు కాదు. ఆ సంగతి అవ్వకు నాకంటే ముందే తెలుసునని ఇప్పుడు, ఈ వయసులో, వంటింటి గట్టు మీద పడి ఉన్న గంటను చూస్తూ తెలుసుకున్నాను.

ఎందుకంటే ఆ రిబ్బను సంగతి గుర్తుకొచ్చింది. మంద పోయిన వారానికి, ఇంట్లో ఎవరూ అన్నం సరిగా తినని రోజుల్లో, అవ్వ నన్ను కూర్చోబెట్టి తల దువ్వుతూ, "నీ ఎర్ర రిబ్బను ఏదే?" అని అడిగింది. "బడిల పోయిందవ్వా," అన్నాను. దువ్వెన ఒక్క క్షణం ఆగింది. "పోతె పాయె," అంది. ఆ తరువాతి అంగడికి పోయి అదే ఎరుపు రిబ్బను ఇంకొకటి తెచ్చి, నా జడకు తానే కట్టింది. గొర్రెలు పోయి ఏడుస్తూ ఉంటే ముసల్దానికి రిబ్బనుల సోకు అని అమ్మ విసుక్కుంది. అవ్వ ఆ గంటను ఎప్పుడు కుండలో పెట్టిందో, కందెన వేసే సాకుతో ఎప్పుడు పాతిపెట్టిందో నాకు తెలియదు. కానీ రిబ్బను పోయిందని ఇంకెవరూ గమనించకుండా చేసింది, గంట ఎందుకు మోగలేదని ఎవరూ వెతకకుండా మోగిందని పెద్దలకు చెప్పినట్టే. తొంభై దాటి మంచాన పడ్డాక చూడబోతే, చేత్తో నా నెరిసిన జుట్టు తడిమి, "రిబ్బను కట్టుకుంటలేవా బిడ్డా?" అంది. మతి తప్పిందనుకొని కళ్లు తుడుచుకొని వచ్చేశాను. అప్పుడు కూడా చెప్పలేదు. చెప్పమనే అడిగిందేమో.

చాయ తాగాక మల్లేశంతో కలిసి ఊరికి పోయాను. కల్వర్టు చాలావరకు పూర్తయింది, వెడల్పుగా, ట్రాక్టరు పోయేంత ఉంది. రేయింబవళ్లు ఎవరైనా దాటవచ్చు, ఎవరూ ఎవరి కోసమూ ఆగనక్కర లేదు, అవతల ఎవరైనా ఉన్నారా అని అడగనక్కర లేదు. మంచిదే. ఆ రోజు ఇది ఉంటే తాత మంద బతికేది. కాల్వలో పట్నం మురుగు నురగలు కట్టి పోతోంది, ఆ కంపుకు ముక్కు మూసుకోవాల్సి వచ్చింది. కీలురాయిని జేసీబీ పక్కకు దొర్లించింది. దాని గుంటలో ఇంకా నల్లటి కందెన మరక ఉంది. నేను ఆ రాతి మీద కూర్చొని తమ్ముడికి అంతా చెప్పాను, ఉన్ని సంగతి, రిబ్బను సంగతి, అవ్వ అడిగిన ప్రశ్న, నేను చెప్పిన జవాబు. వాడు నన్ను తిడతాడని అనుకున్నాను. యాభై ఏళ్లుగా ఎవరైనా తిడితే బాగుండునని కూడా అనుకుంటున్నాను.

వాడు చేతిలో గంటను తిప్పి చూశాడు. తరువాత, "అంటె, నేను ఏడ్వబట్టె గదంత అయ్యిందా అక్కా?" అన్నాడు. నెరిసిన మీసం, మోకాళ్ల నొప్పులు, మనవరాలు కూడా ఉన్న మనిషి. "పదకొండు దినాల పిలగానివిరా, ఏడ్వక ఏం జేస్తవు? గది నీ తప్పెట్ల అయితది?" అన్నాను. అన్నాక నా మాట నాకే వినబడింది. అవ్వ కూడా ఇట్లాగే అనుకొని ఉంటుంది. పదకొండేళ్ల పిల్ల, తమ్ముడు పడుకోవాలని చేసింది, దాని తప్పెట్లా అవుతుంది అని. ఆ మాట నాతో అనడానికి నేను ముందు నోరు తెరవాలి కదా. ఆమె కేకేసి, చెవి ఒగ్గి, బతికినన్నాళ్లూ ఆగింది. నేను పలకలేదు.

పొద్దు వాలింది. కల్వర్టు మీదుగా ఎవరివో గొర్రెలు ఇవతలికి దాటి వస్తున్నాయి. వెనుక ఒక పిల్లవాడు సెల్‌ఫోన్ చూసుకుంటూ నడుస్తున్నాడు. ఏ గొర్రె మెడలోనూ గంట లేదు. మల్లేశం గంటలోంచి రిబ్బను లాగబోతే చెయ్యి పట్టి ఆపాను. గంటను తీసుకొని, అవ్వ కేకేసే చోట, కాల్వ అంచున నిలబడ్డాను. వినేవాళ్లు ఎవరూ లేరని తెలుసు, అయినా ఆమె అడిగినదానికి జవాబు బాకీ ఉండిపోయింది.

"ఆగు అవ్వా," అన్నాను గట్టిగా. "గంటల ఉన్ని ఉన్నది. నేనే పెట్టిన."